షూటింగ్ గార్డులు: ఎవరు ముందు, ఎవరు వెనుక

షూటింగ్ గార్డ్ అనేది బాస్కెట్‌బాల్‌లో ఒక స్థానం. కోర్టు మీద జట్టుకు ఐదుగురు ఉంటారు. వారిలో బంతిని నడిపించి ఆట కట్టేవాడు పాయింట్ గార్డ్. అతని పక్కనే ఉండి, దూరం నుంచైనా, దూసుకెళ్ళి అయినా పాయింట్లు రాబట్టవలసినవాడు షూటింగ్ గార్డ్. కోచ్‌ల లెక్కలో మొదటివాడు ఒకటి, ఇతను రెండు. ఎత్తు సాధారణంగా ఆరడుగుల మూడంగుళాల నుంచి ఆరడుగుల ఆరంగుళాల దాకా ఉంటుంది. అవతలి జట్టులో బాగా ఆడే గార్డును ఆపే పని కూడా చాలాసార్లు ఇతని నెత్తినే పడుతుంది. జాబితాలు తయారుచేసేవాళ్ళు ఎక్కువగా మరచిపోయేది ఈ రెండో పనినే.

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఈ ఆట కన్నా కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఎక్కువ. కారణం కొంత నేలలోనే ఉంది. బాస్కెట్‌బాల్‌లో బంతిని నేలకు కొట్టుకుంటూనే కదలాలి, నల్లరేగడిలో అది లేవదు. సిమెంటు గచ్చో చెక్క నేలో ఉండాలి. అమెరికా ప్రొఫెషనల్ కోర్టు 94 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు, అంటే వాలీబాల్ కోర్టుకు రెండున్నర రెట్లకు మించిన జాగా. అంత జాగాకు గచ్చు వేయించడం మామూలు హైస్కూలుకు చిన్న ఖర్చు కాదు. టీవీ, ఫోన్ వచ్చాక మాత్రం అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఆటలు ఇక్కడివాళ్ళకూ అందుబాటులోకి వచ్చాయి. అమెరికాలో రాత్రి జరిగే ఆట మనకు తెల్లవారుజామునో, పొద్దున్నో వస్తుంది. డాలస్, హ్యూస్టన్, న్యూజెర్సీల్లో స్థిరపడ్డ బంధువుల ద్వారా జట్ల పేర్లు, ఆటగాళ్ళ పేర్లు ఇళ్ళలోకి వచ్చేశాయి. ‘జోర్డాన్ గొప్పా, కోబీ గొప్పా’ అనే వాదన కూడా వాటి వెంటే వచ్చింది.

ఆట పుట్టుక, నియమాల మార్పు

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను తయారుచేశాడు. పీచ్ పళ్ళ బుట్టలను బాల్కనీకి కొట్టించాడు. ఆ బాల్కనీ ఎత్తు పది అడుగులు. బుట్ట పోయి ఇనుప రింగ్ వచ్చినా ఆ ఎత్తు నేటికీ మారలేదు. మన దేశానికి కూడా ఆట వైఎంసీఏ ద్వారానే వచ్చింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో పెట్టిన వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాదిలో దీనికి పెద్ద ఆసరా అయింది.

ప్రొఫెషనల్ లీగ్ 1946లో మొదలై 1949లో ఎన్‌బీఏ అనే పేరు పెట్టుకుంది. 1954లో వచ్చిన 24 సెకన్ల గడియారం ఆట రూపాన్నే మార్చేసింది. అంతవరకు ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని దాచుకుని కాలం గడిపేది. ఇక గడువులోపు షాట్ వేయక తప్పదు కాబట్టి వేయగలవాడి విలువ పెరిగింది. రెండో పెద్ద మార్పు 1979-80 సీజన్‌లో వచ్చిన మూడు పాయింట్ల గీత. రింగ్ నుంచి 23 అడుగుల 9 అంగుళాల దూరంలో, మూలల్లో 22 అడుగుల దూరంలో గీత గీసి, దాని వెనకనుంచి పడిన షాట్‌కు మూడు పాయింట్లన్నారు. మూడోది 2004లో వచ్చింది. డిఫెండర్ చెయ్యి పెట్టి ఆటగాడిని నెట్టడం, పట్టి ఉంచడం మీద రిఫరీలు గట్టిగా విజిల్ ఊదడం మొదలుపెట్టారు. దాంతో గార్డులు రింగ్ వైపు దూసుకెళ్ళడం తేలికైంది.

ఈ మూడు తేదీలు గుర్తుంటే ఏ జాబితా చూసినా సగం తప్పులు కనిపిస్తాయి. జోర్డాన్ తన కెరీర్ మొత్తంలో వేసిన మూడు పాయింట్ల షాట్లు 581. జేమ్స్ హార్డెన్ 3000 దాటేశాడు. జెర్రీ వెస్ట్ ఆడిన కాలంలో ఎన్‌బీఏలో అసలు ఆ గీతే లేదు. ఈ ముగ్గురినీ మొత్తం పాయింట్ల వరసలో నిలబెట్టి తీర్పు చెప్పడం కుదరదు.

తూచే పద్ధతి

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాడు కుప్పలోంచి గుప్పెడు తీసి వేళ్ళతో లాగి పింజ పొడవు చూస్తాడు, తేమ చూస్తాడు, రంగు చూస్తాడు, ఆ తర్వాతే ధర పలుకుతాడు. ఒక్క గుణం చూసి పాట పాడితే నష్టపోయేది అతనే. షూటింగ్ గార్డుల జాబితాల్లో మాత్రం ఒక్క గుణం చూసి ధర పలికేవాళ్ళే ఎక్కువ. ఆ గుణం పేరు ఉంగరం. ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన ఆటగాళ్ళకు ఉంగరాలిస్తారు, వాటిని లెక్కబెట్టి గొప్పతనం తేల్చేస్తారు. అదే నిజమైతే బోస్టన్ సెల్టిక్స్‌కు 1957 నుంచి 1969 దాకా ఆడి పది టైటిళ్ళు గెలిచిన శామ్ జోన్స్ జోర్డాన్‌కు పైన ఉండాలి. జోన్స్ గొప్ప ఆటగాడే. బంతిని బోర్డుకు తాకించి రింగ్‌లో దింపడంలో అతనిది అందెవేసిన చేయి. అయినా అతన్ని జోర్డాన్‌కు పైన పెట్టే మనిషి బోస్టన్‌లో కూడా దొరకడు. ఆ జట్టుకు బిల్ రస్సెల్ అనే సెంటర్ ఉన్నాడు, ఉంగరాల్లో పెద్ద వాటా అతనిది.

ఈ వ్యాసం నాలుగు విషయాలు చూస్తుంది. తన కాలపు నియమాల్లో అతను ఎంత ముందున్నాడు, డిఫెన్స్‌లో ఎంత పనికొచ్చాడు, ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీల్లో) ఆట పెరిగిందా తగ్గిందా, ఎన్ని సంవత్సరాలు ఆ స్థాయిలో నిలిచాడు. ఎన్‌బీఏ 1996లో 50 మందితో ఒక జాబితా, 2021లో 75 ఏళ్ళ సందర్భంగా మరో జాబితా ప్రకటించింది. రెండోదానిలో ఓట్లు సమానమై 76 మంది చేరారు. రెండింటిలోనూ వరస సంఖ్యలు ఇవ్వలేదు. తగువు ఎందుకనుకున్నారేమో. ఆ తగువు పత్రికలు, టీవీ ఛానళ్ళు తీరుస్తున్నాయి.

మైకేల్ జోర్డాన్

మొదటి స్థానం మీద పెద్దగా వాదన లేదు. 1963లో బ్రూక్లిన్‌లో పుట్టి నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో పెరిగిన జోర్డాన్‌ను 1984 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో) షికాగో బుల్స్ మూడో ఆటగాడిగా తీసుకుంది. రెండో అవకాశం పోర్ట్‌లాండ్‌ది. వాళ్ళు శామ్ బోవీ అనే పొడుగాటి సెంటర్‌ను ఎంచుకున్నారు. కారణం, అంతకు ముందు ఏడాదే వాళ్ళు క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే షూటింగ్ గార్డును తీసుకున్నారు. ఇంకో షూటింగ్ గార్డు ఎందుకనుకున్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత 1992 ఫైనల్స్‌లో అదే డ్రెక్స్‌లర్ జట్టు మీద జోర్డాన్ మొదటి ఆట మొదటి సగంలోనే 35 పాయింట్లు వేసి, ఆరో మూడు పాయింట్ల షాట్ కూడా పడ్డాక భుజాలెగరేశాడు.

ఆరు ఫైనల్స్, ఆరు టైటిళ్ళు (1991, 92, 93, 96, 97, 98), ఆరుసార్లూ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు. సీజన్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయిదుసార్లు. సగటు పాయింట్లలో పదిసార్లు లీగ్‌లో మొదటివాడు. మొత్తం 32,292 పాయింట్లు, ఆటకు 30.1. వీటన్నిటికన్నా బరువైనది 1987-88 సీజన్. ఆ ఏడాది ఆటకు 35 పాయింట్లతో లీగ్‌లో మొదటివాడు. ఆ ఏడాదే ఉత్తమ డిఫెండర్ బహుమతి కూడా అతనిదే, ఎంవీపీ కూడా అతనిదే. కొట్టేవాడు ఆపలేడు, ఆపేవాడు కొట్టలేడు అనే మామూలు లెక్క అక్కడ చెల్లలేదు.

1998 జూన్ 14, సాల్ట్ లేక్ సిటీ, ఫైనల్స్ ఆరో ఆట. 42 సెకన్లు మిగిలాయి, బుల్స్ మూడు పాయింట్లు వెనక. జోర్డాన్ కుడివైపు నుంచి దూసుకెళ్ళి లేఅప్ వేశాడు, తేడా ఒకటైంది. యూటా జట్టు బంతిని కార్ల్ మలోన్‌కు అందించింది. వెనకనుంచి వచ్చిన జోర్డాన్ చేత్తో కొట్టి బంతి లాగేశాడు. టైమ్ అవుట్ అడగలేదు. తనే నడిపించుకుంటూ ముందుకు వెళ్ళాడు. ఎదురుగా బ్రయాన్ రస్సెల్. కుడికి దూకినట్టే దూకి ఠక్కున ఆగాడు, రస్సెల్ పక్కకు జారాడు. 5.2 సెకన్లు ఉండగా షాట్ పడింది, 87-86. ఆ షాట్ ముందు అతని చెయ్యి రస్సెల్‌ను తోసిందా లేదా అన్న వాదన ఇంకా తెగలేదు. ఆ షాట్ కన్నా గొప్పది అంతకు ముందు మలోన్ దగ్గర బంతి లాగడమే. డిఫెన్స్ లేకపోతే చివరి షాట్ వేసే అవకాశమే ఉండేది కాదు. ఆ 42 సెకన్లలో షూటింగ్ గార్డు చేయవలసిన పనులన్నీ ఉన్నాయి.

కోబీ బ్రయంట్

1978లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. తండ్రి ఇటలీలో ప్రొఫెషనల్‌గా ఆడడంతో బాల్యంలో చాలా భాగం అక్కడ గడిచింది. 1996లో హైస్కూల్ నుంచి నేరుగా డ్రాఫ్ట్‌లోకి వచ్చాడు. షార్లెట్ జట్టు 13వ ఆటగాడిగా తీసుకుని వ్లాడే దివాచ్ అనే ఆటగాడి కోసం లాస్ ఏంజిలస్ లేకర్స్‌కు ఇచ్చేసింది. ఆ బేరం కుదిర్చిన లేకర్స్ అధికారి జెర్రీ వెస్ట్, ఈ వరసలో తర్వాత వచ్చే పేరు. తను వదిలిన చోటును నింపే మనిషిని తనే వెతికి తెచ్చుకున్నాడు.

ఇరవై సీజన్లు ఒకే జట్టుకు ఆడి అయిదు టైటిళ్ళు గెలిచాడు (2000, 01, 02, 09, 10). మొదటి మూడింటిలో షకీల్ ఓనీల్ పెద్దన్న, చివరి రెండింటిలో కోబీయే పెద్దన్న, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు కూడా. మొత్తం 33,643 పాయింట్లు, అంటే జోర్డాన్ కన్నా ఎక్కువ, కాకపోతే చాలా ఎక్కువ ఆటల్లో. లీగ్ ఏటా ఎంచే ఉత్తమ డిఫెండర్ల జట్లలో (ఆల్ డిఫెన్సివ్) 12 సార్లు చోటు దక్కింది.

2006 జనవరి 22న టొరంటో మీద 81 పాయింట్లు వేశాడు. 1962లో విల్ట్ చాంబర్లేన్ వేసిన 100 తర్వాత అప్పటికి అదే పెద్ద స్కోరు. ఈ స్కోరులో చాలామంది పట్టించుకోని సంగతి, లేకర్స్ ఆ ఆటలో 18 పాయింట్లు వెనకబడి ఉండడం. రెండో సగంలో కోబీ 55 వేస్తేగాని ఆట తిరగలేదు. ఉత్తినే గొప్ప కోసం వేసిన పాయింట్లు కావవి.

అతని మీద ఆక్షేపణ కూడా బలమైనదే. కష్టమైన షాట్ అతనికి ఇష్టం, ఖాళీగా ఉన్న తోటివాడి కన్నా ఇద్దరి మధ్య నుంచి తను వేసే షాట్ మీదే నమ్మకం ఎక్కువ. వేసిన షాట్లలో పడినవాటి శాతం జోర్డాన్ కన్నా తక్కువ. 2016 ఏప్రిల్ 13న ఆడిన చివరి ఆటలో 60 పాయింట్లు కొట్టాడు, దానికోసం 50 షాట్లు వేశాడు. ఆ ఒక్క ఆటలో అతని బలమూ బలహీనతా రెండూ ఉన్నాయి. మొండితనానికి మాత్రం 2013 ఏప్రిల్ నాటి ఆట చాలు. మడమ వెనక స్నాయువు తెగింది. ఆ కాలితోనే నిలబడి రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వేశాడు, రెండూ పడ్డాయి, ఆ తర్వాతే నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. 2020 జనవరి 26న కాలిఫోర్నియాలో హెలికాప్టర్ ప్రమాదంలో కూతురు జియానాతో సహా తొమ్మిదిమంది చనిపోయారు, కోబీ వారిలో ఒకడు.

జెర్రీ వెస్ట్

ఉంగరాల లెక్క ఎంత అన్యాయమో తెలియాలంటే వెస్ట్‌ను చూడాలి. వెస్ట్ వర్జీనియాలోని బొగ్గుగనుల ప్రాంతంలో 1938లో పుట్టి 1960 నుంచి 1974 దాకా లేకర్స్‌కు ఆడాడు. తొమ్మిదిసార్లు ఫైనల్స్‌కు వెళ్ళి ఎనిమిదిసార్లు ఓడాడు. వాటిలో ఆరు బోస్టన్ చేతుల్లోనే. 1969 ఫైనల్స్ ఏడో ఆటలో 42 పాయింట్లు, 13 రీబౌండ్లు (పడని షాట్ల తర్వాత పట్టిన బంతులు), 12 అసిస్టులు (తోటివాడి పాయింట్లకు దారితీసిన పాస్‌లు) సాధించాడు. లేకర్స్ రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు బహుమతి పెట్టిన తొలి ఏడాది అదే. దాన్ని ఓడిన జట్టులోని వెస్ట్‌కే ఇచ్చారు. ఆ తర్వాత ఇంతవరకు ఓడిన జట్టు ఆటగాడికి అది దక్కలేదు.

మరుసటి ఏడాది న్యూయార్క్ మీద ఫైనల్స్ మూడో ఆటలో సమయం అయిపోతుండగా దాదాపు 60 అడుగుల దూరం నుంచి విసిరాడు, పడింది. ఇవాళైతే అది మూడు పాయింట్లు, ఆట అక్కడితో గెలుపు. అప్పుడు రెండే. స్కోరు సమానమై అదనపు సమయంలో లేకర్స్ ఓడింది. గీత రావడానికి ఇంకా దాదాపు పదేళ్ళు ఉంది.

1972లో ఎట్టకేలకు టైటిల్ వచ్చింది. ఆ సీజన్‌లో లేకర్స్ వరసగా 33 ఆటలు గెలిచింది. కోచ్ బిల్ షార్మన్, తొలితరం బోస్టన్ షూటింగ్ గార్డు, ఫ్రీ త్రోలలో లీగ్‌లో ఏడుసార్లు మొదటివాడు. ఆట ఉన్న రోజు పొద్దున్నే జట్టును కోర్టుకు తెచ్చి షాట్లు వేయించే అలవాటు అతనిదే. తర్వాత మిగతా జట్లూ దాన్ని అందిపుచ్చుకున్నాయి. ఆ ఏడాది వెస్ట్ అసిస్టుల్లో లీగ్‌లో మొదటివాడు. షూటింగ్ గార్డు పని గెయిల్ గుడ్రిచ్ చూసుకున్నాడు. అందుకే కొన్ని జాబితాలు వెస్ట్‌ను పాయింట్ గార్డుల్లో వేస్తాయి. అతని కాలంలో ‘గార్డులు’ ఇద్దరు, అంతే. ఎవరు ఒకటి, ఎవరు రెండు అనే విభజన ఇంత గట్టిగా ఉండేది కాదు. కెరీర్ సగటు 27, ప్లేఆఫ్స్ సగటు 29.1 ఉన్న మనిషిని షూటర్ల వరసలోంచి తీసేయడం సబబు కాదు. ఎన్‌బీఏ చిహ్నంలో తెల్లగా కనిపించే ఆ మనిషి ఆకారం వెస్ట్ ఫొటో నుంచి గీసిందే. చిత్రకారుడు ఆలన్ సీగల్ ఆ మాట చెప్పాడు, లీగ్ మాత్రం బాహాటంగా ఒప్పుకోలేదు. వెస్ట్ 2024 జూన్ 12న మరణించాడు.

కోబీకి రెండో స్థానం, వెస్ట్‌కు మూడో స్థానం ఇవ్వడానికి ఒకే కారణం, కోబీ ఇరవై సీజన్ల నిలకడ. తేడా మాత్రం ఉంగరాలు చెప్పే అయిదు, ఒకటి అంత కాదు. చాలా సన్నని తేడా.

నాలుగు, అయిదు

నాలుగో స్థానం డ్వేన్ వేడ్‌ది. 2003లో అయిదో ఆటగాడిగా మయామి హీట్‌లోకి వచ్చి 2006, 2012, 2013 టైటిళ్ళు గెలిచాడు. 2006లో డాలస్ మీద రెండు ఆటలు ఓడి, మూడో ఆట ఆఖరి భాగంలో 13 పాయింట్లు వెనకబడిన జట్టును 42 పాయింట్లతో లేపి నిలబెట్టాడు. తర్వాత వరసగా గెలిచి నాలుగు-రెండుతో టైటిల్ ఎత్తుకున్నారు. అయిదో ఆటలో అతను ఒక్కడే 25 ఫ్రీ త్రోలు వేశాడు. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్ళలో ఆ జట్టు అభిమానుల దగ్గర ఈ మాట ఎత్తకపోవడం మేలు. షాట్లను బాగా అడ్డుకున్న గార్డుల్లో వేడ్ ముందువరసలో ఉంటాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి తనకన్నా అడుగు ఎత్తైనవాళ్ళ బంతుల్ని కూడా వెనక్కి తోసేవాడు. దూరం షాట్ అతనికి అంతగా పట్టుబడలేదు. మోకాళ్ళ బాధలు వేగాన్ని తగ్గించాయి. అవి లేకుంటే పై ముగ్గురి దగ్గరికి ఇంకా జరిగేవాడు.

అయిదో స్థానం దగ్గరే అసలు తగువు. జేమ్స్ హార్డెన్, ఆలెన్ ఐవర్సన్, జార్జ్ గర్విన్ ముగ్గురూ అర్హులే.

2018 ఎంవీపీ హార్డెన్ మూడేళ్ళు వరసగా పాయింట్లలో మొదటివాడు. 2018-19లో ఆటకు 36.1. అసిస్టుల్లో కూడా రెండుసార్లు మొదటివాడు. రెండడుగులు వెనక్కి వేసి షాట్ వేయడాన్ని ఒక ఆయుధంగా మార్చాడు. ఫౌల్ రాబట్టడంలో అతని తెలివి చూసే కొన్నాళ్ళకు రిఫరీలు ఆ ఎత్తులకు విజిల్ ఊదడం తగ్గించారు. అయితే డిఫెన్స్‌లో చాలాకాలం నవ్వులపాలయ్యాడు. పెద్ద ఆటల్లో అతని చెయ్యి ఆడలేదు. 2018లో గోల్డెన్ స్టేట్ మీద ప్లేఆఫ్స్ ఏడో ఆటలో అతని హ్యూస్టన్ జట్టు వరసగా 27 మూడు పాయింట్ల షాట్లు పోగొట్టుకుంది. తప్పు అతనొక్కడిదే కాదు, కానీ అతనిది కూడా.

ఐవర్సన్ ఎత్తు ఆరడుగులే. ఈ స్థానంలో అంత పొట్టివాడు ఇంత పైకి రావడం మరెక్కడా కనిపించదు. పాయింట్లలో నాలుగుసార్లు మొదటివాడు, 2001 ఎంవీపీ. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో ఒక్క ఆట కూడా ఓడకుండా ఫైనల్స్‌కు వచ్చిన లేకర్స్‌ను మొదటి ఆటలోనే 48 పాయింట్లతో ఓడించాడు. లేకర్స్ ఆ ప్లేఆఫ్స్ మొత్తంలో ఓడింది ఆ ఒక్కటే. షాట్ల శాతం మాత్రం తక్కువ.

గర్విన్ గురించి ఒక రోజు చెబితే చాలు. 1978 ఏప్రిల్ 9, సీజన్ చివరి రోజు. సగటు పాయింట్లలో అతనికీ డెన్వర్ జట్టు డేవిడ్ థాంప్సన్‌కూ పోటీ. మధ్యాహ్నం థాంప్సన్ డెట్రాయిట్ మీద 73 వేశాడు, అందులో మొదటి క్వార్టర్‌లోనే 32, అది అప్పటికి రికార్డు. రాత్రి ఆటలో గర్విన్‌కు కనీసం 58 కావాలి. మొదటి క్వార్టర్‌లో 20, రెండో క్వార్టర్‌లో 33. మధ్యాహ్నం పుట్టిన రికార్డు రాత్రికి పోయింది. 63 దగ్గర ఆగాడు. చివరికి సగటు 27.22, థాంప్సన్‌ది 27.15. అతని జట్టు ఆ ఆట ఓడింది, ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. వేళ్ళ మీదుగా బంతిని మెల్లగా రింగ్‌లోకి దొర్లించే అతని షాట్ ఇప్పటికీ పిల్లలు నేర్చుకుంటారు. క్వార్టర్ రికార్డు మాత్రం అతని దగ్గర నిలవలేదు: 2015లో క్లే థాంప్సన్ ఒక క్వార్టర్‌లో 13 షాట్లకు 13 వేసి 37 పాయింట్లతో లీగ్ రికార్డు తన పేర రాసుకున్నాడు.

హార్డెన్, ఐవర్సన్, గర్విన్ ముగ్గురిలో డిఫెన్స్‌లో గొప్పవాడు ఎవడూ లేడు. కాబట్టి మిగిలిన కొలతలకు తోడు ఇంకొకటి చూడాలి. తోటివాళ్ళకు ఆట అందించడంలో హార్డెన్ మిగతా ఇద్దరికన్నా చాలా పైన. అయిదో స్థానం అతనికి, అయిష్టంగానే.

దూరం నుంచి వేసేవాళ్ళు

రెజ్జీ మిల్లర్, రే ఆలెన్ పేర్లు జంటగా వినిపిస్తాయి. మిల్లర్ 18 సీజన్లూ ఇండియానాకే ఆడి 2,560 మూడు పాయింట్ల షాట్లు వేశాడు. 1995 మే 7న న్యూయార్క్‌లో 18.7 సెకన్లు ఉండగా జట్టు ఆరు పాయింట్లు వెనక. 8.9 సెకన్లలో ఎనిమిది పాయింట్లు వేసి ఆట లాక్కున్నాడు. టైటిల్ రాలేదు. ఆలెన్ 2,973 వేసి మిల్లర్‌ను దాటాడు. తర్వాత 2021లో స్టీఫెన్ కర్రీ ఆలెన్‌ను దాటాడు, కర్రీ పాయింట్ గార్డు. 2013 జూన్ 18, ఫైనల్స్ ఆరో ఆట. ఆలెన్ ఆడుతున్న మయామి మూడు పాయింట్లు వెనక, టైటిల్ చేజారుతోంది. రీబౌండ్ బంతి చేతికొచ్చేలోపు ఆలెన్ వెనక్కి వెనక్కి నడుచుకుంటూ కిందికి చూడకుండానే మూలలో గీత వెనకకు చేరాడు. 5.2 సెకన్లు ఉండగా షాట్ పడింది. ఆటలకు గంటల ముందే వచ్చి అవే చోట్ల నుంచి అవే షాట్లు వేసుకునే అతని అలవాటును అందరూ వేళాకోళం చేసేవారు. ఆ మూల ఎక్కడుందో కాళ్ళకు తెలియడం ఆ అలవాటు వల్లే. 2008లో బోస్టన్‌తో ఒకటి, 2013లో మయామితో ఒకటి, రెండు టైటిళ్ళు గెలిచాడు.

వరసలో పెట్టడం కష్టమైనవాళ్ళు

డ్రెక్స్‌లర్ 22,195 పాయింట్లు వేసి 1995లో హ్యూస్టన్‌తో టైటిల్ గెలిచాడు. జోర్డాన్ కాలంలో పుట్టకపోయుంటే అతని పేరు ఇంకా గట్టిగా వినబడేది. ట్రేసీ మెక్‌గ్రేడీ 2004 డిసెంబరు 9న చివరి 35 సెకన్లలో 13 పాయింట్లు వేసి శాన్ ఆంటోనియోను ఓడించాడు. నడుము, మోకాలు దెబ్బతిని పదేళ్ళకే వాడిపోయాడు. విన్స్ కార్టర్ 22 సీజన్లు ఆడాడు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఏడడుగుల రెండంగుళాల ఫ్రెంచ్ ఆటగాడి తల మీదుగా దూకి డంక్ చేశాడు. పీట్ మారవిచ్ కాలేజీలో మూడు పాయింట్ల గీత లేకుండానే ఆటకు 44.2 పాయింట్ల సగటు సాధించాడు. ప్రొఫెషనల్‌గా బలహీనమైన జట్లలో చిక్కుకుపోయాడు. సిడ్నీ మోంక్రీఫ్ 1983లో తొలి ఉత్తమ డిఫెండర్ బహుమతి పొందాడు, మరుసటి ఏడాది మళ్ళీ అతనే. జో డూమార్స్ డెట్రాయిట్‌కు 1989 ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు. జోర్డాన్‌ను ఎదురుగా నిలబడి ఎదుర్కొన్నవాళ్ళలో ముందువరస అతనిది. పాయింట్లు మాత్రమే చూసే జాబితాల్లో ఈ చివరి ఇద్దరికీ చోటు ఉండదు, అది ఆ జాబితాల లోపం.

అర్జెంటీనా మను జినోబిలిని 1999లో 57వ ఆటగాడిగా, అంటే దాదాపు అడుగున, శాన్ ఆంటోనియో తీసుకుంది. నాలుగు ఎన్‌బీఏ టైటిళ్ళు, యూరోలీగ్ టైటిల్, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ స్వర్ణం, మూడూ ఉన్నవాళ్ళు చాలా అరుదు. జట్టు కోసం ఏళ్ళ తరబడి బెంచీ మీద నుంచే ఆటలోకి దిగాడు. క్రొయేషియా డ్రాజెన్ పెట్రోవిచ్ న్యూజెర్సీకి ఆటకు 22 పాయింట్లు వేస్తున్న దశలో 1993 జూన్ 7న జర్మనీలో కారు ప్రమాదంలో పోయాడు, వయసు 28.

మహిళల ఆటలో

1997లో మొదలైన మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో తొలి నాలుగు టైటిళ్ళూ హ్యూస్టన్ కామెట్స్‌వే. నాలుగుసార్లూ ఫైనల్స్ ఉత్తమ క్రీడాకారిణి సింథియా కూపర్. అంతకుముందు ఏళ్ళన్నీ ఐరోపాలో ఆడి, లీగ్ మొదలయ్యేనాటికి 34 ఏళ్ళకు చేరింది. డయానా టురాసి ఫీనిక్స్‌కు మూడు టైటిళ్ళు తెచ్చి, 10,646 పాయింట్లతో లీగ్‌లో అందరికన్నా పైన నిలిచి 2025లో రిటైరైంది. 2004 నుంచి 2024 దాకా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచింది. షూటింగ్ గార్డు స్థానంలో మగవాళ్ళను, ఆడవాళ్ళను కలిపి వరస పెడితే కూపర్, టురాసి మొదటి పదిలోనే ఉంటారు.

మన దేశంలో

1934లో ఢిల్లీలో తొలి జాతీయ పోటీలు జరిగాయి. భారత జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో. మన షూటింగ్ గార్డుల్లో ముందు చెప్పవలసింది వారణాసికి చెందిన విశేష్ భృగువంశీ. భారత జట్టు కెప్టెన్‌గా ఆడాడు, 2017లో ఆస్ట్రేలియా ప్రొఫెషనల్ లీగ్‌లో అడిలైడ్ జట్టుతో ఒప్పందం చేసుకున్న తొలి భారతీయుడు, 2020లో అర్జున అవార్డు అందుకున్నాడు. 2015 నుంచి 2017 దాకా నడిచిన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై పేరుతో ఒక జట్టు ఉండేది. 2019 అక్టోబరులో ముంబైలో ఇండియానా, శాక్రమెంటో జట్లు ఆడిన రెండు ఆటలే మన గడ్డ మీద జరిగిన తొలి ఎన్‌బీఏ ఆటలు. ఎన్‌బీఏలో ఇంతవరకు తెలుగు ఆటగాడు లేడు.

ఇప్పుడు ఆడుతున్నవాళ్ళు

డెవిన్ బుకర్ 2017లో ఇరవై ఏళ్ళ వయసులో బోస్టన్ మీద 70 పాయింట్లు వేశాడు, ఆ ఆట అతని జట్టు ఓడింది. డోనవన్ మిచెల్ 2023 జనవరి 2న 71 వేశాడు, గెలిచాడు. మిన్నెసోటా ఆటగాడు, 2020 డ్రాఫ్ట్‌లో మొదటివాడు ఆంథోనీ ఎడ్వర్డ్స్ కొట్టడం, ఆపడం రెండూ తెలిసినవాడు. పై అయిదుగురి దాకా రాగలిగేది ఇప్పటికి అతనొక్కడే అనిపిస్తుంది. కానీ 2025 దాకా ఫైనల్స్ గడప తొక్కలేదు.

మగవాళ్ళ వరస ఇది: జోర్డాన్, కోబీ, వెస్ట్, వేడ్, హార్డెన్. తర్వాత గర్విన్, ఐవర్సన్, డ్రెక్స్‌లర్, ఆలెన్, మిల్లర్. ఆరు నుంచి పది దాకా పాఠకులు ఎటు మార్చుకున్నా నష్టం లేదు. కోబీని, వెస్ట్‌ను అటూ ఇటూ చేసినా ఒప్పుకోవచ్చు. మొదటి పేరు మార్చాలనుకునేవాళ్ళు మాత్రం 1987-88 సీజన్‌కు సమాధానం చెప్పాలి.